ఐదు లక్షల ముప్పై వేల మూడు: ఏయూ పిన్‌కోడ్ ఎలా విడిపోతుంది?

విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసినా, అప్లికేషన్ పంపినా చిరునామా చివర పడే అంకెలు 530003. విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో. ఈ అంకెలు వచ్చింది మాత్రం చాలా తర్వాత, ఎందుకంటే దేశంలో పిన్‌కోడ్ పద్ధతి మొదలైందే 1972 ఆగస్టు 15న. మొదట్లో ఉన్న 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు గుర్తు. మొదటి మూడంకెలు కలిపి 530 అంటే విశాఖపట్నం సార్టింగ్ జిల్లా. చివరి 003 ఉత్తరాన్ని బట్వాడా చేసే పోస్టాఫీసును చెబుతుంది.

అంటే పోస్టల్ శాఖకు ఇది సంఖ్య కాదు, అంకెల్లో రాసుకున్న పేరు. దాన్ని ఎవరూ కూడరు, హెచ్చవేయరు. కానీ అదే ఆరంకెలను 'ఐదు లక్షల ముప్పై వేల మూడు' అని చదివితే చాలు, అది సంఖ్య అయిపోతుంది. ప్రతి సంఖ్యనూ అడగాల్సిన ప్రశ్న దాన్నీ అడగొచ్చు: ఇది రెండు చిన్న సంఖ్యల లబ్ధంగా విడిపోతుందా? విడిపోతే ఏ రెండు సంఖ్యలుగా? ఇవి రెండూ ఒకే ప్రశ్నలా వినిపిస్తాయి. నిజానికి వీటి మధ్య చాలా దూరం ఉంది. బ్యాంకు వెబ్‌సైట్ల తాళాల్లో ఎన్నో ఆ దూరం మీదే ఆధారపడి ఉన్నాయి. ఏయూ పిన్‌కోడ్ ఆ దూరాన్ని కాగితం, పెన్నుతో కొలిచి చూపించగలదు.

ముందు ఎక్కాల స్థాయి పని. చివర 3 ఉంది కాబట్టి 2 గానీ 5 గానీ భాగించవు. అంకెల మొత్తం 11, కాబట్టి 3 కూడా పోయింది. పక్కనే ఉన్న 530001, అంటే హెడ్ పోస్టాఫీసు పిన్‌కోడ్, ఈ దశలోనే దొరికిపోతుంది. దాని అంకెల మొత్తం 9, కనుక అది 9తో నిశ్శేషంగా పోతుంది. మహారాణిపేట పిన్‌కోడ్ 530002 సరి సంఖ్య, దాని గురించి ఆలోచించే పనే లేదు. రుషికొండ వైపు వెళితే 530045 ఉంది, అది ఐదో ఎక్కంలోనే చిక్కుతుంది.

తర్వాత 7, 11, 13. వీటికి విడివిడిగా భాగహారం చేయనక్కర్లేదు. మూడింటి లబ్ధం 1001. అందువల్ల ఆరంకెల సంఖ్య ఏదైనా దాన్ని మధ్యకు విరిచి, ముందు మూడంకెల్లోంచి వెనక మూడంకెలు తీసేస్తే మిగిలినదాన్ని పరీక్షించడమే సరిపోతుంది. 530లోంచి 3 పోతే 527. ఇది 7తో పోదు, 11తో పోదు, 13తో పోదు. కాబట్టి 530003 కూడా పోదు. తీసివేయడానికి బదులు కూడితే 37కు పరీక్ష అవుతుంది, ఎందుకంటే 999లో 37 కారణాంకంగా ఉంది. 530కి 3 కలిపితే 533, దాన్ని 37తో భాగిస్తే శేషం 15. అదీ కాదు. ఈ చిట్కాలు ఏ పిన్‌కోడ్‌కైనా పనికొస్తాయి. పిల్లలకు నేర్పాల్సినవి ఇవి. ఒక్క తీసివేతతో మూడు భాగహారాలు తప్పించుకోవడం కన్నా గణితం మీద ఇష్టం పెంచేది ఇంకేముంటుంది?

చిట్కాలు అక్కడితో అయిపోతాయి. ఇక మిగిలింది ఓపిక. ఏ సంఖ్యకైనా దాని వర్గమూలం దాటి వెతకాల్సిన పనిలేదు. 728 వర్గం 529984, కాబట్టి 728 లోపు ప్రధాన సంఖ్యలన్నీ ప్రయత్నిస్తే తేలిపోతుంది. అవి మొత్తం 129. 17తో భాగిస్తే శేషం 11. 19తో 17. 23తో 14. 53తో చూస్తే 53 పదివేలు 530000, ఇంకేముంది దొరికింది అనిపిస్తుంది, కానీ 3 మిగిలిపోతుంది. 59తో భాగిస్తే 6. 89తో 8. 397తో కూడా 8. 433తో 11. ఇలా వంద దాటినా ఒక్కటీ లొంగదు.

ఇక్కడ ఆగి లెక్క వేస్తే ఒక విషయం తెలుస్తుంది. ఐదు లక్షల ముప్పై వేల దరిదాపుల్లో సుమారు పదమూడు సంఖ్యలకు ఒకటి ప్రధాన సంఖ్య. 613 వరకూ ఉన్న 112 ప్రధాన సంఖ్యలనూ తట్టుకుని నిలిచిన సంఖ్య అయితే తనే ప్రధాన సంఖ్య అయి ఉండాలి, లేదా 617కు తగ్గని రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం అయి ఉండాలి. ఈ రెండో రకం చాలా అరుదు, ఈ ప్రాంతంలో సుమారు 260 సంఖ్యలకు ఒకటి. అంటే 113వ భాగహారానికి సిద్ధమవుతున్న మనిషి 'ఇది ప్రధాన సంఖ్యే' అని పందెం కాస్తే గెలిచే అవకాశం నూటికి తొంభై ఐదు దాకా ఉంటుంది.

ఆ పందెం ఓడిపోతుంది. 113వ ప్రధాన సంఖ్య 617. 530003ను 617తో భాగిస్తే భాగఫలం 859, శేషం సున్నా. 617 ప్రధాన సంఖ్య, 859 కూడా ప్రధాన సంఖ్యే. కాబట్టి ఇక విడగొట్టడానికి ఏమీ లేదు. 530003 సరిగ్గా రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఒకటీ, తనూ కాకుండా దానికి రెండే కారణాంకాలు. నూటికి ఐదు అనుకున్నదే జరిగింది. సంఖ్యల విషయంలో 'దాదాపుగా తేలిపోయింది' అనే మాటకు విలువ లేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

112 విఫల ప్రయత్నాలు లేకుండా ఇక్కడికి చేరే దారి మరొకటుంది. అది చాలా పాతది. భారతీయ గణితవేత్త నారాయణ పండితుడు 1356లో రాసిన 'గణిత కౌముది'లో ఈ పద్ధతి ఉంది. ఐరోపాలో దీన్ని ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా పేరుతో ఫెర్మా పద్ధతి అంటారు. ఫెర్మా 1643లో ఒక ఉత్తరంలో 2027651281 అనే సంఖ్యను 44021, 46061గా విడగొట్టి చూపించాడు. పిన్‌కోడ్‌ను విడగొట్టే పద్ధతి ఉత్తరం మీదుగా ప్రచారంలోకి రావడం బాగానే కుదిరింది.

పద్ధతి ఇదీ. బేసి సంఖ్య దేన్నైనా రెండు వర్గాల తేడాగా రాయగలిగితే పని అయిపోయినట్టే, ఎందుకంటే రెండు వర్గాల తేడా అంటే వాటి మూలాల మొత్తాన్ని వాటి తేడాతో హెచ్చవేయడమే. కాబట్టి వర్గమూలం కన్నా కొంచెం పెద్దదైన 729 దగ్గర మొదలుపెట్టాలి. 729 వర్గం 531441. అందులోంచి 530003 తీసేస్తే 1438. ఇది వర్గ సంఖ్య అయితే అక్కడే ఆగొచ్చు. కాదు. అప్పుడు 730 వర్గం వేసుకోవాలి. నిజానికి వేయనక్కర్లేదు కూడా. పక్కపక్క వర్గాల మధ్య తేడాలు బేసి సంఖ్యలు కాబట్టి 1438కి 1459 కలిపితే చాలు, 2897 వస్తుంది. దానికి 1461, తర్వాత 1463, తర్వాత 1465, ఇలా రెండేసి పెంచుతూ కలుపుకుంటూ పోవడమే. హెచ్చవేత లేదు, భాగహారం లేదు, కూడికలు మాత్రమే. కూడిక వచ్చిన ఏ పిల్లవాడైనా చేయగలడు.

అలా కలుపుతూ పోతే వరసగా వచ్చే సంఖ్యలు 1438, 2897, 4358, 5821, 7286, 8753, 10222, 11693, 13166, 14641. వీటిలో ఏది వర్గం? వర్గ సంఖ్య చివర 2, 3, 7, 8 ఎప్పుడూ రావు. ఆ ఒక్క నియమంతో పదింటిలో ఆరు రాలిపోతాయి. (4358 మీద మాత్రం జాలేస్తుంది. 66 వర్గం 4356. రెండే రెండు ఎక్కువైంది.) ఇక చివర 6 ఉన్న వర్గ సంఖ్యకు పదుల స్థానంలో తప్పకుండా బేసి అంకె ఉండాలి: 16, 36, 196, 256. కాబట్టి 7286, 13166 కూడా పోయాయి. మిగిలినవి 5821, 14641. మొదటిది 76 వర్గానికీ 77 వర్గానికీ మధ్య పడుతుంది. రెండోదాన్ని చూడగానే మేరు ప్రస్తారం (పాస్కల్ త్రిభుజం) తెలిసినవాళ్లు గుర్తుపడతారు: 1, 4, 6, 4, 1. అది 11ను నాలుగుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య, అంటే 121 వర్గం.

పదో మెట్టు 738 దగ్గర పడింది. 738కి 121 కలిపితే 859, తీసేస్తే 617. భాగహారంతో 113 ప్రయత్నాలు పట్టిన పని పది కూడికల్లోపే అయిపోయింది.

అయితే ఈ పద్ధతి అన్నివేళలా ఇంత దయగా ఉండదు. ఏయూకు దగ్గర్లోనే ఉన్న ఎంవీపీ కాలనీ పిన్‌కోడ్ 530017 తీసుకుంటే ఆ సంగతి తెలిసిపోతుంది. ఆ సంఖ్య ప్రధాన సంఖ్య. 728 లోపు ఉన్న 129 ప్రధాన సంఖ్యల్లో ఏదీ దాన్ని భాగించదు. దాన్ని ఫెర్మా పద్ధతికి అప్పగిస్తే 729 దగ్గర మొదలై 265009 దాకా నడవాలి, అంటే 264281 మెట్లు. చివరికి దొరికేది కూడా ఒకటీ, ఆ సంఖ్యా మాత్రమే. పద్నాలుగు తేడాతో ఉన్న రెండు పిన్‌కోడ్‌లు. ఒకటి పది మెట్లలో తెరుచుకుంది, రెండోది రెండున్నర లక్షల మెట్లు ఎక్కించి ఖాళీ చేతులతో పంపించింది. కారణం ఒక్కటే. రెండు కారణాంకాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడే ఈ పద్ధతి వేగంగా పనిచేస్తుంది. 617కూ 859కీ మధ్య తేడా 242, మధ్యబిందువు 738. అది వర్గమూలానికి పది అడుగుల దూరంలోనే ఉంది.

ఇప్పుడు మొదట్లో వేసిన రెండు ప్రశ్నల దగ్గరికి రావచ్చు. ఒక సంఖ్య విడిపోతుందో లేదో తెలుసుకోవడానికి దాన్ని విడగొట్టాల్సిన అవసరం లేదు. ఫెర్మాదే మరో సిద్ధాంతం దీనికి ఆధారం. ఒక బేసి సంఖ్య ప్రధానమైతే, 2ను ఆ సంఖ్య కన్నా ఒకటి తక్కువ సార్లు హెచ్చవేసి ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం తప్పకుండా 1 రావాలి. 530003కు 2ను 530002 సార్లు హెచ్చవేయాలన్నమాట. వినడానికి భయంగా ఉంటుంది. కానీ వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేసుకుంటూ, ప్రతిసారీ శేషం మాత్రమే ఉంచుకుంటూ పోతే పంతొమ్మిది వర్గాలు, మధ్యమధ్య కొన్ని రెట్టింపులతో పూర్తవుతుంది. చివర్లో 1 రాదు. అంతే, 530003 విడిపోయే సంఖ్య అని ఖాయమైంది. 617 గురించీ, 859 గురించీ మాత్రం ఒక్క ముక్క తెలియలేదు. ఇంట్లో ఇద్దరున్నారని తలుపు బయటి నుంచే తేల్చేసి, వాళ్ల పేర్లు తెలియకుండా వెనక్కి వచ్చినట్టు.

530017కు ఇదే పరీక్ష పెడితే 1 వస్తుంది. దాన్నిబట్టి అది ప్రధానమని అనేయకూడదు, ఎందుకంటే కొన్ని విడిపోయే సంఖ్యలు కూడా ఈ పరీక్ష దాటేస్తాయి. 341 అలాంటిదే, అది 11, 31ల లబ్ధం. ఇంతకన్నా గట్టి పరీక్షలు తర్వాత వచ్చాయి. 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యకైనా ఎలాంటి అనుమానమూ లేకుండా, సంఖ్య పొడవుతో పోలిస్తే సహేతుకమైన సమయంలో ఈ ప్రశ్న తేల్చే పద్ధతి ఇచ్చారు. మన దేశంలోంచి వచ్చిన ఆధునిక గణిత ఫలితాల్లో ఇది చాలా గొప్పది. మొదటి ప్రశ్న అక్కడితో పరిష్కారమైనట్టే. రెండో ప్రశ్నకు, అంటే కారణాంకాలు పట్టుకోవడానికి, మామూలు కంప్యూటర్లపై అంత వేగంగా పనిచేసే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

ఈ అసమానతనే 1977లో రివెస్ట్, షమీర్, ఎడెల్‌మన్ తాళంగా మార్చారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో అది ఆర్ఎస్ఏ అయింది. 530003తో ఒక బొమ్మ తాళం చేసి చూస్తే దాని లోపలి పనితనం అర్థమవుతుంది.

ఏయూలో ఉన్న ఒకరు 530003, 5 అనే రెండు సంఖ్యలను అందరికీ తెలిసేలా బోర్డు మీద రాసిపెట్టారనుకుందాం. ద్వారకానగర్‌లో ఉన్న ఇంకొకరు వాళ్లకు 14 అనే సంఖ్యను రహస్యంగా పంపాలి. 14ను ఐదుసార్లు హెచ్చవేస్తే 537824. దాన్ని 530003తో భాగిస్తే శేషం 7821. పంపేది ఈ 7821నే. మధ్యలో ఎవరు చూసినా పర్లేదు. అందుకున్నవాళ్లు 7821ను 4805 సార్లు హెచ్చవేసి, 530003తో భాగిస్తే శేషంగా మళ్లీ 14 వస్తుంది. ఇక్కడా శేషాలతోనే పని కాబట్టి పన్నెండు వర్గాలు, ఐదు హెచ్చవేతలు చాలు.

ఆ 4805 ఎక్కడిది? రహస్యమంతా అందులోనే ఉంది. 617లోంచి, 859లోంచి ఒక్కొక్కటి తీసేస్తే 616, 858. వాటి క.సా.గు. 24024. 617తోగానీ 859తోగానీ పోని ఏ సంఖ్యనైనా 24024 సార్లు హెచ్చవేసి 530003తో భాగిస్తే శేషం 1. ఇంకోసారి హెచ్చవేస్తే, అంటే 24025 సార్లకు, మొదటి సంఖ్యే తిరిగి వస్తుంది. 24025 అంటే 5ను 4805తో హెచ్చవేసినది. పంపినవాళ్లు 5 వంతు చేశారు, అందుకున్నవాళ్లు 4805 వంతు చేశారు, చక్రం పూర్తయింది. 5 అందరికీ తెలుసు. 4805 కావాలంటే 24024 తెలియాలి, అది తెలియాలంటే 617, 859 తెలియాలి. బోర్డు మీదున్న 530003ను విడగొట్టగలిగినవాళ్లకే తాళంచెవి దొరుకుతుంది.

ఇక్కడ ఒక చిన్న వింత. 24024 అంటే 24ను 1001తో హెచ్చవేసినది. 616లో 7, 11 ఉన్నాయి, 858లో 11, 13 ఉన్నాయి. గుమ్మం దగ్గరే 'మాకు సంబంధం లేదు' అని వెళ్లిపోయిన 7, 11, 13 ముగ్గురూ లోపల తాళం చక్రంలో కూర్చుని ఉన్నారు. 616ను 858తో హెచ్చవేస్తే 528528. అంకెలు రెండుసార్లు తిరిగి రావడం చూస్తే 1001 అక్కడ ఉందని వేరే చెప్పనక్కర్లేదు. 530003 లోపు దానితో ఏ కారణాంకాన్నీ పంచుకోని సంఖ్యలు సరిగ్గా ఇన్నే.

వర్గాల సంగతి కూడా ఒక మాట. 530003ను 4తో భాగిస్తే శేషం 3, కాబట్టి అది ఎన్నటికీ రెండు వర్గాల మొత్తం కాలేదు. దాని కారణాంకం 617 మాత్రం 16 వర్గం, 19 వర్గం కలిస్తే వస్తుంది. ఆ గుణాన్ని చెడగొట్టింది 859. మూడు వర్గాలైతే సరిపోతాయి: 723 వర్గం, 85 వర్గం, 7 వర్గం కలిపితే 530003.

ఈ తాళం బొమ్మదే. పది కూడికల్లో తెరుచుకున్న తాళంతో ఎవరూ డబ్బు దాచుకోరు. నిజమైన తాళాలకూ దీనికీ తేడా పద్ధతిలో లేదు, పొడవులో ఉంది. 1977లోనే 129 అంకెల సంఖ్యను ఒక సైన్సు పత్రికలో సవాలుగా ప్రకటించారు. దాన్ని విడగొట్టడానికి 1994 దాకా పట్టింది. వందల మంది వాలంటీర్లు ఇంటర్నెట్ ద్వారా తమ కంప్యూటర్లు కలిపితే గానీ కాలేదు. 250 అంకెల సంఖ్య 2020 ఫిబ్రవరిలో లొంగింది. దానికి పట్టిన శ్రమ ఒక్క ప్రాసెసర్ కోర్ సుమారు 2700 ఏళ్లు పనిచేసినంత.

పొడవు ఒక్కటే కాపాడదు కూడా. 530003 దగ్గర చూసిన బలహీనత, అంటే రెండు కారణాంకాలు దగ్గరగా ఉండటం, వందల అంకెల సంఖ్యల్లోనూ అంతే ప్రమాదకరం. అందుకే తాళం తయారుచేసేటప్పుడు రెండు ప్రధాన సంఖ్యల మధ్య కనీసం ఇంత దూరం ఉండాలని ప్రమాణాల్లో రాసిపెట్టారు. రాసిపెట్టినా 2022లో ఒక పరిశోధకుడు కొన్ని ప్రింటర్లు తయారుచేసుకున్న తాళాలను పరిశీలిస్తే, వాటి సాఫ్ట్‌వేర్ పక్కపక్కనే ఉన్న ప్రధాన సంఖ్యలను ఎంచుకుంటోందని తేలింది. వాటిని తెరవడానికి కొత్త పద్ధతి ఏదీ కావలసి రాలేదు. నారాయణ పండితుడు రాసిన ఆ కూడికల పద్ధతే సరిపోయింది.

ఇవాళ ఎన్నో వెబ్‌సైట్ల సర్టిఫికెట్లలో వాడే ఆర్ఎస్ఏ సంఖ్య 2048 బిట్ల పొడవుంటుంది, అంటే 0, 1 మాత్రమే వాడి రాస్తే 2048 స్థానాలు. ఆ పొడవున్న ఒక సంఖ్య సవాలుగా ప్రకటించి ఉంది. అది విడిపోతుందని అందరికీ తెలుసు, రెండు ప్రధాన సంఖ్యలను హెచ్చవేసే దాన్ని తయారుచేశారు. కారణాంకాలు మాత్రం ఇప్పటికీ బయటపడలేదు. కాగితం మీద మామూలు అంకెల్లో రాస్తే ఆ సంఖ్యకు ఎన్ని అంకెలుంటాయో లెక్కపెడితే వచ్చేది, పూర్తిగా కాకతాళీయంగానే, 617.